లైను బాగోలేదండీ

అమెరికాలో ఏఓఎల్ వాళ్ళు 2025 సెప్టెంబరు 30న తమ డయలప్ సేవ మూసేశారు. ఆ వార్త వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, మా తరం సాఫ్ట్‌వేరు జనాభా అంతా ఒకటే కలవరింతలు. ఆ కీచుమనే శబ్దం, ఆ గరగర, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం... "అబ్బ, ఏం రోజులండీ అవి!" అంటూ. నాకు మాత్రం ఆ శబ్దం వింటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది. ఎందుకంటారా? ఆ గరగర అంతా ఎప్పుడూ బ్రహ్మాండంగానే జరిగేది. కనెక్టు అయ్యేది కూడా. అసలు బాధ కనెక్టయ్యాకే మొదలయ్యేది.

డయలప్ అనగానే ఇప్పుడు అందరికీ ఇంటర్నెట్టే గుర్తొస్తుంది. మనదేశంలో వీఎస్ఎన్ఎల్ వాళ్ళు 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు గానీ, అంతకు ముందూ, ఆ తర్వాత కొన్నేళ్ళూ కూడా, చిన్న చిన్న కంపెనీలకి మోడెం అంటే రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా ఫైళ్ళు పంపుకునే సాధనం. ఇక్కడో కంప్యూటరు, అక్కడో కంప్యూటరు, నడుమ టెలిఫోను తీగ. అంతే. ఈ అమరికలో ఫైలు సగంలో ఆగిపోతే కారణం వెతికి పట్టుకోవడమనే పని నా మొదటి ఉద్యోగంలో, 1996లో, నా నెత్తిన పడింది. మూడు నెలలు చేశాను. చేశాను అనడం కూడా తప్పేలెండి. చెయ్యాల్సింది చెయ్యకుండా "లైను బాగోలేదండీ" అని చెబుతూ కాలక్షేపం చేశాను.

మాది హైదరాబాదులో ఓ చిన్న ఆఫీసు. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి గారి కొట్టుకి అకౌంట్ల ప్రోగ్రాము రాసిచ్చాం. వాళ్ళకి రోజూ రాత్రి ఆరోజు లెక్కలన్నీ ఒక జిప్ ఫైలుగా చుట్టి మా ఆఫీసు కంప్యూటరుకి పంపాలి. ఫైలు సుమారు 1.2 ఎంబీ. రెండువైపులా 14,400 మోడెములు. అంటే, అన్నీ అనుకూలిస్తే, సెకనుకి 1,600 బైట్ల చొప్పున పన్నెండు పదమూడు నిమిషాల పని. రాత్రి పదకొండు దాటాక ఎస్టీడీ పావు రేటు కాబట్టి (ఎస్టీడీ బూతుల ముందు పదకొండింటికి క్యూలో నిలబడ్డవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు) సరిగ్గా ఆ టైముకే పెట్టుకున్నాం. గుంటూరులో ఆ పని చేసేది పంతొమ్మిది ఇరవై ఏళ్ళ కుర్రాడు. పగలు బిల్లులు కొట్టడం, రాత్రి ఫైలు పంపడం. ఇక్కడ అందుకునేది నేను. ఆఫీసులోనే పక్కగదిలో పడుకునేవాణ్ణి లెండి, రూము అద్దె కలిసొస్తుందని.

పదకొండింటికి మోడెం మోగేది. నేను లేచి, ప్రోగ్రాములో రిసీవ్ నొక్కి, నంబర్లు కదలడం మొదలయ్యాక ఒకటి రెండు నిమిషాలు చూసి, పోయి పడుకునేవాణ్ణి. పొద్దున్న లేచి చూస్తే ఫైలు సగంలో తెగిపోయి ఉండేది. వారంలో నాలుగు రోజులు ఇదే వరస. అప్పుడు ఆ కుర్రాడు ఫ్లాపీలో ఫైలు వేసి బస్సు కండక్టరు చేతికిస్తే, నేను ఇమ్లీబన్ బస్టాండుకి పోయి తెచ్చుకునేవాణ్ణి. ఆ ఫ్లాపీలో కూడా ఒక్కోసారి బ్యాడ్ సెక్టార్లుండేవనుకోండి, అది వేరే గోల.

ఇక్కడ కొంచెం ఆగి, అసలీ ఫైలు ప్రయాణం ఎలా ఉంటుందో చెప్పాలి. లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు.

టెలిఫోను తీగ మీద ఫైలు పంపడమంటే దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా పంపి, "అందిందా?" అని అడగడం. షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్ అనే ఆయన 1977లో రాసిన ఎక్స్‌మోడెం దీనికి ఆదిపర్వం లాంటిది. ఒక్కో ముక్కలో 128 బైట్లు. అప్పటి సీపీఎం డిస్కు మీద సెక్టారు సైజు అదే. ముక్క చివర ఆ బైట్లన్నీ కూడితే వచ్చిన మొత్తంలో ఒక బైటు. అవతలివాడు కూడా కూడి చూసుకుంటాడు. సరిపోతే "సరే", సరిపోకపోతే "మళ్ళీ పంపు". మన కిరాణా కొట్లో చిట్టా కింద మొత్తం వేసినట్టే. కానీ మీరొకటి గమనించారా? కూడికలో అంకెల వరస మారినా మొత్తం మారదు. రెండు బైట్లు ఒకదాని స్థానంలో ఒకటి వచ్చి కూర్చున్నా ఎక్స్‌మోడెం చెక్సమ్ "అంతా సవ్యమే" అంటుంది. అందుకే తర్వాత దానికి సీఆర్‌సీ తగిలించారు. ఆ తర్వాత 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ రాసిన జడ్‌మోడెం 32 బిట్ల సీఆర్‌సీతో వచ్చింది. అది ప్రతి ముక్కకీ ఆగి జవాబు కోసం ఎదురుచూడదు, పంపుకుంటూ పోతుంది. ఫైలు మధ్యలో తెగిపోతే మళ్ళీ అక్కణ్ణుంచే అందుకోగలదు. మేము వాడింది అదే.

"అక్కణ్ణుంచే అందుకోగలిగితే మరి మీకు బాధేమిటయ్యా?" అంటారు కదూ. ఉంది. మా ఫైలు పేరు రోజూ ఒకటే. సోమవారం సగం వచ్చి తెగిపోయిన ఫైలుకి, మంగళవారం ఫైలు రెండో సగం ఠపీమని అతుక్కునేది. జడ్‌మోడెం దృష్టిలో పేరు ఒకటే, పొడుగు తక్కువ, ఇంకేం కావాలి? అలా ఒకసారి నరసింహావతారం లాంటి జిప్ ఫైలు ఒకటి వచ్చాక, ఆ సదుపాయాన్ని నేనే ఆపేశాను. ఫైలు పేరులో తేదీ పెడితే సరిపోయేది. తట్టలేదు. ఫలితంగా ప్రతి ప్రయత్నమూ మళ్ళీ సున్నా నుంచే. ప్రతి ప్రయత్నానికీ గుంటూరు ఫోను మీద పల్సులు.

సరే. ఫైలు ప్రయాణంలో మూడు మజిలీలున్నాయి. గుంటూరు కంప్యూటరు నుంచి గుంటూరు మోడెముకి, సీరియల్ కేబులు మీద. ఆ మోడెం నుంచి హైదరాబాదు మోడెముకి, టెలిఫోను తీగ మీద. హైదరాబాదు మోడెం నుంచి హైదరాబాదు కంప్యూటరుకి, మళ్ళీ సీరియల్ కేబులు మీద. మొదటిదీ చివరిదీ ఒక్కో గజం పొడుగు. మధ్యది సుమారు 270 కిలోమీటర్లు. తప్పెక్కడుందని మిమ్మల్ని అడిగితే ఏమంటారు? నేనూ అదే అన్నాను.

కానీ అప్పటికే మోడెముల్లో వి.42 అనే దోష నివారణ ఉంది. రెండు మోడెములూ తమలో తాము ముక్కలు లెక్కపెట్టుకుని, చెడిపోయినవి మళ్ళీ తెప్పించుకుంటాయి, కంప్యూటరుకి తెలియనివ్వకుండా. దీనర్థమేమిటి? వి.42 మీద కనెక్షను నిలబడి ఉన్నంతసేపూ తీగలో ఎంత గరగర ఉన్నా ఫైల్లో తప్పులు రావు. ఫైలు నెమ్మదిస్తుంది, లేదా కనెక్షనే తెగిపోతుంది. ఈ రెండే. కనెక్షను తెగకుండా, జడ్‌మోడెం మాత్రం సీఆర్‌సీ తప్పులు చూపిస్తోందీ అంటే, బైట్లు పోతున్నది టెలిఫోను తీగలో కాదు, ఆ రెండు గజాల కేబుళ్ళ దగ్గర. ఇది తెలుసుకోవడానికి ఆరేళ్ళ అనుభవం అక్కర్లేదు. మోడెముతో వచ్చిన పుస్తకం చదివితే చాలు. నేను ఆ పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం చదివాను: కంప్రెషను పూర్తిగా అందాలంటే పోర్టు వేగం 57,600 పెట్టుకోమని. పెట్టాను. మిగతాది చదవలేదు.

మా రిసీవ్ ప్రోగ్రాము తప్పులు ఓ పరిమితి దాటగానే తనంతట తనే ఆపేసి ఫోను పెట్టేసేది. పొద్దున్న నాకు కనపడేది "ట్రాన్స్‌ఫర్ అబార్టెడ్" అనే ఒక్క ముక్క. దాన్ని నేను "లైను కట్టయింది" అని అనువాదం చేసుకున్నాను.

పోనీ పరీక్ష చేయలేదా అంటే, చేశాను. పగలు మూడుసార్లు. ఎదురుగా కూర్చుని, మౌసు కదుపుతూ, నంబర్లు చూస్తూ, ఫైలు మొత్తం వచ్చేదాకా కళ్ళార్పకుండా. మూడుసార్లూ బ్రహ్మాండంగా వచ్చింది. అంచేత మా వైపు తప్పులేదని తేల్చేశాను.

ఆ కుర్రాడు ఒకసారి ఫోన్లో అన్నాడు కూడా. "సార్, మొదటిసారి కాసేపు బానే పోతందండీ. తర్వాత ఎన్నిసార్లు కొట్టినా పట్టుకోవట్లా. మీ వైపేమన్నా అవతందేమో ఒకసారి చూస్తారా" అని. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మా వైపు అంతా టెస్ట్ చేశామయ్యా. నువ్వు పంపేటప్పుడు పైన ఇంట్లో ఎవరైనా పారలల్ ఫోను ఎత్తుతున్నారేమో అది చూడు."

పారలల్ ఫోను సంగతి నిజమే. దాన్నెత్తితే మోడెముల సంభాషణ మీద మనిషి గొంతు పడి కనెక్షను చెడుతుంది. అలాంటివి ఇంకా చాలా ఉండేవి. కాల్ వెయిటింగు మోత వచ్చి పడేది. కొన్ని మోడెములు ఫైలు మధ్యలో మూడు ప్లస్సులు, వాటి వెనకే ఫోను పెట్టేసే ఆజ్ఞ కనపడితే, అది తమకే అనుకుని నిజంగానే పెట్టేసేవి. ఎక్సాన్ ఎక్సాఫ్ అనే పద్ధతిలో ప్రవాహం ఆపుకునేలా పెడితే, 17, 19 విలువలున్న బైట్లని "సాగు", "ఆగు" అనే ఆజ్ఞలనుకుని మోడెం మింగేసేది. మామూలు అక్షరాల ఫైల్లో ఆ విలువలు రావు కాబట్టి టెక్స్ట్ ఫైలు సుఖంగా పోయేది, జిప్ ఫైలు ఇరుక్కునేది. కెర్మిట్‌లో బైనరీ అని చెప్పడం మర్చిపోతే లైను చివర్లు మారిపోయి జిప్ పగిలేది. ఇలాంటి చిట్కాలు అందరం బట్టీ పట్టేవాళ్ళం. చిట్కాల జాబితా చేతిలో ఉంటే వచ్చే అనర్థం ఏమిటంటే, అందులో అవతలివాడి మీదకి తోసెయ్యగలిగినవే ముందు గుర్తొస్తాయి.

నెలాఖరున టెలిఫోను బిల్లు చూసి షావుకారు గారు మా మేనేజరుకి ఫోను చేశారు. మేనేజరు నన్ను పిలిచి "ఏమిటి సంగతి?" అన్నాడు. నేను ఒక్క వాక్యం చెప్పాను. మా వైపు టెస్ట్ చేశాం సార్, అక్కడ ఆపరేటర్ సరిగ్గా చూసుకోవట్లేదనుకుంటాను. అనుకుంటాను అనే మాట నా నోట్లోంచి మేనేజరు చెవిలోకి, ఆయన నోట్లోంచి షావుకారు గారి చెవిలోకి వెళ్ళేలోపల ఎక్కడో రాలిపోయింది. ఈ మజిలీలకి సీఆర్‌సీ లేదు మరి.

ఆ కుర్రాడి జీతం పన్నెండొందలు. ఆ నెల మూడొందలు కోశారు. తర్వాతి నెల మళ్ళీ మూడొందలు.

మూడో నెలలో ఒక రాత్రి నాకు నిద్రపట్టక, రిసీవ్ నొక్కాక పడుకోకుండా కుర్చీలోనే చేరబడి పేపరు చదువుతున్నాను. మౌసు ముట్టుకోలేదు. ఐదు నిమిషాలు గడిచాయి. స్క్రీను మీద ప్రోగ్రాము మాయమై స్క్రీన్ సేవరు మొదలైంది. అప్పట్లో రంగురంగుల బొమ్మలు ఎగిరే స్క్రీన్ సేవరంటే మోజు కదా, మా ఆఫీసులో ఎవరో ఫ్లాపీలో తెచ్చి వేశారు. సరే, ఎంతవరకూ వచ్చిందో చూద్దామని మౌసు కదిపాను. అంతకుముందు సున్నా ఉన్న తప్పుల లెక్క పద్నాలుగు ఉంది. నేను చూస్తుంటే అది పెరగలేదు. మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చున్నాను. బొమ్మలు వచ్చాయి. మౌసు కదిపాను. ఇరవై తొమ్మిది.

అప్పుడు నా ఒళ్ళు చల్లబడిందంటే నమ్మండి.

కారణం ఇది. మోడెం నుంచి వచ్చే బైట్లని కంప్యూటర్లో అందుకునేది యూఆర్ట్ అనే చిప్పు. పాత చిప్పులు 8250, 16450 అనేవాటిలో ఒకే ఒక్క బైటు దాచుకునే చోటుంటుంది. పోర్టు 57,600 మీద పెడితే సుమారు 174 మైక్రోసెకన్లకొక బైటు వస్తుంది. అది వచ్చేలోపల ప్రాసెసరు ముందుదాన్ని తీసుకుపోవాలి. లేకపోతే కొత్తది పాతదాని మీద పడుతుంది. పాతది గోవిందా. మాది 386 మెషీను, దాని మీద విండోస్ 3.1, దాని మీద బొమ్మలు గీసే స్క్రీన్ సేవరు. ప్రాసెసరు బొమ్మలు గీస్తూ చిప్పు సంగతి ఓ క్షణం మరిచేది. ఆర్‌టీఎస్ సీటీఎస్ ఉంది కదా అంటారేమో, అది ప్రోగ్రాము బఫరు నిండినప్పుడు "ఆగు" అనడానికి. ఇక్కడ బైటు ప్రోగ్రాము దాకా రానే లేదు, గుమ్మంలోనే చచ్చింది. 16550ఏ అనే కొత్త చిప్పులో అయితే 16 బైట్ల క్యూ ఉంటుంది, కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. డాస్‌తో వచ్చే ఎంఎస్‌డీ అనే ప్రోగ్రాము నడిపితే ఏ చిప్పుందో చూపించేది. చూశాను. మాది 8250 అని చూపించింది. తర్వాత గుంటూరులో కూడా చూడమన్నాను. అక్కడ 16550. మిర్చి కొట్లో ఉన్న మెషీను సాఫ్ట్‌వేరు కంపెనీలో ఉన్నదానికంటే కొత్తది.

పైగా, పంపేవాడి చిప్పులో బైట్లు ఇలా ఒకదాని మీద ఒకటి పడవు. పంపేవాడు తన వీలు చూసుకుని ఒక్కొక్కటీ తోస్తాడు. అందుకునేవాడికే ఎదుటివాడి వేగం మీద అదుపు లేనిది. అంటే మొదట అనుమానించాల్సింది అందుకునేవాణ్ణి, అనగా నన్ను.

మొదటి ప్రయత్నం ఐదు నిమిషాలు బాగా సాగడం, ఎందుకంటే నేను అప్పుడే మౌసు ముట్టుకున్నాను. తర్వాతివన్నీ ఎత్తగానే చావడం, ఎందుకంటే అప్పటికే బొమ్మలు ఎగురుతున్నాయి, నేను నిద్రపోతున్నాను, మోడెం దానంతటదే ఎత్తుకుంటోంది. ఆ కుర్రాడు చెప్పిన రెండు వాక్యాల్లో ఇదంతా ఉంది.

ఆ రాత్రే స్క్రీన్ సేవరు తీసేసి, పోర్టు 19,200కి దించాను. జిప్ ఫైలు ఎలాగూ ఇంక కుంచించుకుపోదు, 14,400 లైను మీద అంతకు మించి రాదు కూడా. ఫైలు నిక్షేపంగా వచ్చింది. మర్నాడూ వచ్చింది. వారం తర్వాత సికింద్రాబాదులో 16550 చిప్పున్న కార్డు కొని వేశాం. మేనేజరు షావుకారు గారికి "కమ్యూనికేషన్ అప్‌గ్రేడ్ చేశామండీ" అని చెప్పి దానికి బిల్లు కూడా వేశాడు. తప్పు మాదేనని ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే నేను. అప్పుడు నాకు ప్రొబేషను పీరియడు. ఇది సాకు అని నాకూ తెలుసు.

ఇదంతా పాతచింతకాయ పచ్చడి, ఇప్పుడు టీసీపీ ఉంది, క్లౌడు ఉంది, ఇంకా మోడెం గోలేమిటి అనేవాళ్ళున్నారు. మొన్న మా టీములో ఒకబ్బాయితో ఇదే వాదన. ఫైలు అవతలికి చేరాక హాష్ సరిచూడమంటే, "టీసీపీ చూసుకుంటుంది కదండీ" అన్నాడు. జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ అనేవాళ్ళు 2000లో ఒక పేపరు వేశారు. అసలైన ఇంటర్నెట్ ప్యాకెట్లు పట్టి చూస్తే, 1,100 ప్యాకెట్లకొకటి నుంచి 32,000కి ఒకటి దాకా టీసీపీ చెక్సమ్ తప్పుతున్నాయట, కింద ప్రతి లింకు మీదా సీఆర్‌సీ ఉండగానే. అంటే బైట్లు చెడుతున్నది తీగ మీద కాదు, తీగకి అటూ ఇటూ ఉన్న మెషీన్లలో. మా 386 లాంటివాటిలో.

అంతకంటే పాతది, సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు 1984లో అచ్చువేసిన పేపరు ఇంకోటుంది. నా ఉద్దేశంలో మన వృత్తిలో ప్రతివాడూ చదవాల్సింది. అందులో వాళ్ళు తీసుకున్న ఉదాహరణే ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి ఫైలు పంపడం. ఎంఐటీలో జరిగిన సంగతి చెబుతారు. అక్కడ నెట్‌వర్కులో ప్రతి అంచెలోనూ చెక్సమ్ ఉండేది. ఒక గేట్‌వే మెషీను మాత్రం ఒక బఫరు నుంచి ఇంకో బఫరుకి నకలు చేసేటప్పుడు సుమారు పది లక్షల బైట్లకొకసారి పక్కపక్క బైట్లు రెంటిని తారుమారు చేసేది. అంచెకీ అంచెకీ మధ్య, ఏ చెక్సమూ కాపలా లేని చోట. ఒక ఆపరేటింగ్ సిస్టము సోర్సు ఫైళ్ళు దానిగుండా ఇటూ అటూ తిరిగి తిరిగి చెడిపోయాయి. చివరికి పాత ప్రింటవుట్లు ముందేసుకుని మనుషులు చేత్తో సరిచేసుకోవాల్సొచ్చింది. ప్రతి అంచె వాడూ "మా వైపు టెస్ట్ చేశాం" అనే అని ఉంటాడు!

ఇప్పుడు నేను కూర్చునే ప్రొడక్షన్ కాల్స్‌లో రోజూ వినే మాట ఇదే. ముప్పైమంది కాల్‌లో ఉంటారు. మొదటి పది నిమిషాల్లో "నెట్‌వర్క్ ఇష్యూ అయ్యుంటుంది" అని ఎవరో అంటారు. ఎందుకంటే నెట్‌వర్క్ టీము ఇంకా కాల్‌లోకి రాలేదు. లేదా "యూజరు సరిగ్గా చెయ్యట్లేదేమో" అంటారు, యూజరు ఎప్పటికీ కాల్‌లో ఉండడు కాబట్టి. నా మటుకు నేను ఇప్పుడు ఎవరైనా "మా వైపు టెస్ట్ చేశాం" అంటే రెండే అడుగుతాను. ఎన్నింటికి చేశారు? చేసినప్పుడు ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నాడా? మొదట్లో జనం నవ్వుకునేవారు. రాత్రిపూట ఎవరూ లేనప్పుడు నడిచే జాబు పగలు లాప్‌టాప్ మీద బాగానే నడిచిందంటే, దాన్ని పరీక్ష అనను. అది పగలు, ఇది రాత్రి, అంతే.

ఇంకోటి. ట్రబుల్‌షూటింగు అనే మాటని మనం సాంకేతిక విద్యగానే చూస్తాం. లాగులు, ట్రేసులు, టూల్సు. కానీ అది తీర్పు చెప్పడం కూడా. ఎవరో ఒకరి మీద పడుతుంది ఆ తీర్పు. ఓపెన్‌గా ఉన్న టికెట్టులో "రూట్ కాజ్: ఆపరేటర్ ఎర్రర్" అని టైపు చెయ్యడానికి పది సెకన్లు పట్టదు. ఆ పది సెకన్ల ఖరీదు టైపు చేసినవాడు కట్టడు. తెలియకపోతే తెలియదు అని రాయడానికి మన ఫారాల్లో గడి ఉండదు, అది వేరే సంగతి. ఉన్నా మనం నింపుతామని నాకు నమ్మకం లేదు.

మరుసటి ఏడాది వేరే పనిమీద గుంటూరు వెళ్ళాల్సొస్తే ఆ కొట్టుకి వెళ్ళాను. ఆ కుర్రాడు లేడు. మానేసి నాలుగు నెలలైందన్నారు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. కొత్తమ్మాయి ఎవరో బిల్లులు కొడుతోంది. మోడెం పక్కన గోడకి పాత క్యాలెండరు కాగితం ఒకటి తిరగేసి అంటించి ఉంది, ఘాటుకి పసుపుపచ్చగా మారిపోయి. దాని మీద బాల్ పెన్నుతో గళ్ళు గీసి, తేదీ, డయల్ చేసిన టైము, ఆగిన టైము. రెండు నెలల పైచిలుకు, ఒక్క రాత్రి కూడా వదలకుండా. 11.04 – 11.10. 11.13 – 11.13. 11.16 – 11.16. 11.25 – 11.26. కింద మర్నాటి తేదీ. 11.02 – 11.08. 11.11 – 11.11.

ఆ కాగితం నాకిస్తారా అని అడిగాను. "తీసుకోండి, ఎప్పుడో చించేద్దామనుకున్నాం" అందా అమ్మాయి. టేపు గట్టిగా పట్టేసింది. లాగితే కింది అంచు కొంత గోడకే ఉండిపోయింది.